బావను దొంగను చేసిన చిట్టా

మొన్న మా నేత సంఘం పాత అధ్యక్షుడికి సన్మానమని గద్వాల నుంచి కార్డు వచ్చింది. నేతగాళ్లకు కంప్యూటరు అలవాటు చేసిన మహానుభావుడని అందులో అచ్చు వేయించారు. చదవగానే ఒళ్లు మండింది. ఆ కంప్యూటరు పెట్టిందీ, దాంతో ఒక ఇంటి మగ్గం ఆపిందీ ఈ చేతులే కనుక, నా మీద నాకున్న మంట కూడా అంతకు తక్కువేమీ కాదు.

ఆ చిన్న నేత సంఘం ఇప్పుడు లేదు. నడివయసులో పట్టుబట్టి కంప్యూటరు నేర్చుకున్న గుమస్తాను నేను. అంతకుముందు కొత్త కొంగు డిజైను గీసిన కాగితాన్ని మా బావ, అంటే అమరచింతలో ఉండే మా అక్క భర్త, తువ్వాలలో చుట్టుకుని బస్సులో తీసుకుపోయి తన వీధిలోని నాలుగు మగ్గాలకూ చూపించేవాడు. నేను వచ్చాక ఆఫీసులోనే ఒక కంప్యూటరును సర్వరుగా పెట్టి, మా వాళ్లు మాత్రమే మాట్లాడుకునే, బొమ్మలు పంపుకునే చాట్ ఒకటి నడిపాను. నేతగాళ్లు ఫోనులో డిజైను చూసుకుంటూ నేస్తుంటే నాకు కాళ్లు నేల మీద ఆనేవి కావు. మీకూ ఉద్యోగంలో అట్లాంటి రోజులు ఉండే ఉంటాయి.

కొన్నాళ్లకు మా డిజైన్లు మా చీరల కన్నా ముందే వేరే దుకాణాల్లో కనబడసాగాయి. అధ్యక్షుడు నా మీద విరుచుకుపడ్డాడు. ఏ ఇంటర్నెట్ అడ్రసు నుంచి, ఎన్ని గంటలకు, ఏ బొమ్మ తెరిచారో సర్వరు దానంతటదే చిట్టా రాసుకుంటుంది. ఆ చిట్టాను రోజంతా కనిపెడుతూ, అతిగా తెరిచే అడ్రసును పట్టి చూపించే ప్రోగ్రాం ఒకటి పెట్టాను. "మన ఆఫీసుది ఎందుకయ్యా, ఉత్త చెత్త నిండుతది, దాన్ని ఇడిసిపెట్టు" అన్నాడాయన. తెలివైన మాటే అనుకుని, ఆఫీసు అడ్రసును పట్టించుకోవద్దని ఒక లైను రాశాను.

వారం తిరక్కుండా ఒక అడ్రసు దొరికింది. ఒక్కో బొమ్మను రోజుకు ముప్పై నలభై సార్లు తెరుస్తోంది. అది మా బావ ఇంటి కనెక్షను. అచ్చు తీసి అధ్యక్షుడి చేతిలో పెట్టాను. మర్నాడే బావకు పట్టూ జరీ ఇవ్వడం ఆపేశారు. సొంతవాళ్లనైనా వదల్లేదని అందరి ముందూ మెచ్చుకుంటే సిగ్గులేకుండా పొంగిపోయాను.

ఆ వీధిలో కేబులు వేయించుకున్నది బావ ఒక్కడే. మంచినీళ్లు ఇచ్చినట్టు నాలుగిళ్లకూ వైఫై ఇచ్చాడు. నాలుగు మగ్గాల వాళ్లు నేస్తూ నేస్తూ చూసుకునే బొమ్మలన్నీ నా చిట్టాలో ఒక్క అడ్రసుగానే పడతాయి. ఇది నాకు తెలియని సంగతి కాదు. బావ అరుగు మీద పక్కిళ్లవాళ్లు ఫోన్లు చూసుకుంటుంటే, వాళ్ల మధ్యనే కూర్చుని ఎన్నిసార్లు చాయ్ తాగానో.

బావ తిట్టి ఉంటే బాగుండేది. "మిషన్‌ను అడిగినవ్ గని, నన్నొక్క మాట అడగకపోతివి బామ్మర్దీ" అని లోపలికి వెళ్లిపోయాడు.

డిజైన్లు పోవడం మాత్రం ఆగలేదు. అనుమానం వచ్చి నేను రాసిన ఆ లైను తీసేశాను. మర్నాడే చిట్టాలో ఆఫీసు అడ్రసు పడింది. మధ్యాహ్నం భోజనాల వేళ, ఆఫీసులో అధ్యక్షుడి తమ్ముడు ఒక్కడే ఉండే సమయంలో, కొత్త డిజైన్లన్నీ వరుసగా దించుకున్నారు. ఆ కాగితం చూపిస్తే అధ్యక్షుడు నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "నీ మిషన్‌కు ఏం తెల్వదు, ఊకో" అన్నాడు. బావ సంగతిలో అన్నీ తెలిసిన మిషనే అది. ఉద్యోగం పోతుందని నేను ఊరుకున్నాను.

సన్మానానికి పోను. బావ ఇప్పుడు వనపర్తిలో ఒక దుకాణంలో మిల్లు చీరలు మడతపెట్టే పనికి పోతున్నాడు. తువ్వాల విప్పి, మగ్గం గుంట అంచున నన్ను కూర్చోబెట్టుకుని డిజైను చూపించే రోజుల్లో, ఎవరు ఎన్నిసార్లు చూశారో రాసిపెట్టే అవసరం మాకు ఎన్నడూ రాలేదు. ఆ గుంట పూడ్చి బండలు పరిపించారు. నేను వెళితే అక్క ఆ బండల మీదే చాప వేసి అన్నం పెడుతుంది. నేను తిరుగు బస్సు ఎక్కాక గానీ బావ ఇంటికి రాడు.