తుప్పు లేని ఆకుపచ్చ బండి

ఒట్మార్ హేగెలె చదివింది మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి వరకే. ఆ చదువుతోనే ఆయన సాధించినవి చెప్పుకుంటూ పోతే 'గొర్రెపిల్ల' హోటల్లో రెండు బీర్లు ఖాళీ అవుతాయి. చెప్పేది కూడా ఎక్కువగా ఆయనే. పద్నాలుగో ఏట కొండ దిగి, లోయలో ఉన్న షాఫ్టుల ఫ్యాక్టరీలో లేతు మిషను దగ్గర పనికి చేరాడు. ముప్ఫై నిండకముందే మేస్త్రీ అయ్యాడు. శనివారాల్లో తన చేతులతోనే ఇల్లు కట్టుకున్నాడు. పునాది తవ్విందీ ఆయనే, పైన పెంకు పరిచిందీ ఆయనే. ఊరి ఫైరింజన్ దళానికి చాలాకాలం నాయకుడు. పాటల సంఘంలో అందరికన్నా లోతైన గొంతు ఆయనది. జిల్లా పోటీలో కప్పు ఆ గొంతుకే వచ్చిందని ఆయన అంటాడు, మిగతా పాటగాళ్ళు పెద్దగా కాదనరు.

ఇవన్నీ ఒక ఎత్తు, తనిఖీ బల్ల ఒక ఎత్తు. ఉద్యోగం చివరి ఏళ్ళలో ఆయన కూర్చున్నది ఆ బల్ల దగ్గరే. స్టుట్‌గార్ట్ స్పోర్ట్స్ కార్లలోకి వెళ్ళే గేరు షాఫ్టు ప్రతిదీ ఆయన వేళ్ళ మధ్య ఒకసారి తిరిగి వెళ్ళాల్సిందే. "నా బల్ల మీంచి చెడ్డది బయటికి పోలేదు, మంచిది చెత్తబుట్టలో పడలేదు," అనేవాడు. ఈ మాటలో రెండో సగం మీదే ఆయనకు గర్వం ఎక్కువ. చెడ్డదాన్ని ఎవడైనా పక్కన పెడతాడు. మంచిదానికి వంక పెట్టి పారేస్తే, దాన్ని చేసినవాడి మొహం ఎలా చూస్తాం అనేది ఆయన వాదన.

అంతటివాడు ఆ కార్లలో ఒక్కదాన్నీ ఎక్కలేదు. ఎప్పుడూ డీజిల్ బండి, వెనక బంగాళాదుంపల బస్తాలు. గురువారం సాయంత్రాలు హోటల్లో ఆయన బల్ల చుట్టూ చేరేవాళ్ళు దీని మీద ఆటపట్టిస్తే ఆయన జవాబు ఒకటే: "కొత్తది కొనేవాడు వెర్రివాడు. ముందు పదిహేనేళ్ళు ఇంకొకణ్ణి నడుపుకోనివ్వాలి. డబ్బున్నవాడి మోజు తీరాక పావు ధరకి మనం కొనాలి. లోపలి షాఫ్టు నా చేతిది, దానికేం కాదు."

అలా అంటూ అంటూ ఆయనకు డెబ్బై దాటాయి.

కిందటి శరదృతువులో ఆయన బావమరిది కూనో తుంటి ఆపరేషన్ చేయించుకుని, ఎత్తు సీట్లున్న బండి ఒకటి కొన్నాడు. కూనో ఆయన భార్య రోస్వితకు తమ్ముడు, నెమ్మదైన మనిషి. ఆ గురువారం నిండు బల్ల ముందు ఒట్మార్ అన్నాడు: "కూనో కొన్నది బండి కాదర్రా, కుర్చీ. ఆసుపత్రిలో మంచం పక్కన పెడతారే, కింద కుండ ఉండేది, ఆ కుర్చీ. దానికి నాలుగు చక్రాలు బిగించి అంటగట్టారు మావాడికి!"

బేకరీ ఎర్విన్‌కు నవ్వి నవ్వి ముక్కులోంచి బీరు వచ్చింది. కూనో కూడా నవ్వాడు. ఆ బండికి 'కుండకుర్చీ' అనే పేరు ఊళ్ళో స్థిరపడిపోయింది. తర్వాతి గురువారం కూనో పనుందన్నాడు. ఆ తర్వాత ఏమీ అనకుండానే రావడం మానేశాడు. రోస్విత మాత్రం ఒకసారి, "నీకు కప్పులు చాలా వచ్చాయి గానీ, బుద్ధికి ఒక్కటీ రాలేదు," అని గిన్నెలు కడుక్కుంటూ ఉండిపోయింది.

ఏప్రిల్ వచ్చింది. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు, బండ్లను తుప్పు పట్టించేది, వానలకు కొట్టుకుపోయింది. చలికాలమంతా గరాజుల్లో దాక్కున్న బండ్లు బయటపడే కాలం అది. ఒట్మార్ సోఫాలో ఒరిగి ఫోన్లో అమ్మకానికున్న పాత స్పోర్ట్స్ కార్లు చూడడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, పెళ్ళికి ముందు నన్ను కూడా ఇంతసేపు చూడలేదు," అంది రోస్విత.

"నీకు తుప్పు లేదని ఒక్క చూపులోనే తెలిసిపోయింది."

మొదట చూసిన బండికి ఇంజను కొత్త గిన్నెలా కడిగి ఉంది. కారుతున్న నూనె కనపడకుండా కడిగారని ఆయన అక్కణ్ణుంచే వెనక్కి తిరిగాడు. రెండోదాని బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తుంది కాబట్టి ఆయన వచ్చేలోపే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. ఈ రెండు కథలూ ఆ గురువారం బల్ల మీద బాగా పండాయి. మూడోది లోయలో ఉంది. స్టుట్‌గార్ట్‌దే, ఆకుపచ్చది, రెండు సీట్లు, పైకప్పు వెనక్కి మడిచేది. పన్నెండు వేల యూరోలు.

అమ్మేది స్వెన్యా అని ఒక బడిపంతులమ్మ. ఆమెకు ఏడో నెల. బండిని తనే గరాజులోంచి వెనక్కి తీసి, పొట్ట మీద ఒక చెయ్యి పెట్టుకుని, రెండో చేత్తో తలుపు అంచు పట్టుకుని చటుక్కున దిగింది.

"మొదటి జీతాలు కూడబెట్టి కొనుక్కున్నానండీ. ఒక్క చలికాలం కూడా బయటికి తియ్యలేదు. పాప సీటు ఇందులో పట్టదు, అందుకే," అంది.

ఒట్మార్ నేల మీద పడుకుని చూడలేదు. పళ్ళ డాక్టరు అద్దంలాంటిది పొడుగు కడ్డీకి బిగించి తెచ్చుకున్నాడు, దాన్ని కింద తిప్పి టార్చి వేశాడు. చక్రాల గూళ్ళు, తలుపుల కింది రేకు, పొగగొట్టం కొక్కేలు అన్నీ శుభ్రం. బానెట్ చల్లగా ఉంది. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. తనిఖీ బల్ల మీద ఇలాంటిది వస్తే ఆయన తల కూడా ఎత్తేవాడు కాదు, అలా ముందుకి పంపేసేవాడు.

"ఒక రౌండు వేసొస్తానమ్మా," అని గుర్తింపు కార్డు ఆమె చేతికిచ్చాడు. మావైపు అది మామూలే.

ఆయన అందులో కూర్చున్నాడనడం కంటే పడ్డాడనడం సబబు. సీటు అంత కిందికి ఉంది. పడ్డాక మాత్రం, నది పక్క రోడ్డు మీద గేరు మారుస్తుంటే, అరచేతి కింద తన షాఫ్టు తిరుగుతున్న సన్నటి ఝుమ్మనే చప్పుడు వినిపించింది. నలభై ఏళ్ళుగా చేతులకు తెలిసిన వస్తువు అప్పుడే మొదటిసారి చెవులకు తెలిసింది. ఒక్కడే ఉన్నాడు కాబట్టి పాటల సంఘం గొంతు కూడా కాస్త ఎత్తాడు.

తిరిగొచ్చి స్వెన్యా ముందు ఆపాడు. తలుపు తీశాడు. ఎడమ కాలు బయట పెట్టాడు. రెండో కాలు రాలేదు. స్టీరింగు పట్టుకుని లేవబోతే మోకాళ్ళు బిగుసుకున్నాయి, నడుములో ఏదో కలుక్కుమంది. మళ్ళీ సీట్లో పడ్డాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదమ్మా. ఇంజను బాగా వేడెక్కాక ఇంకోసారి వినాలి," అని కాలు లోపలికి లాక్కుని తలుపు వేసుకున్నాడు.

రెండో రౌండు తర్వాత కూడా అంతే. ఈసారి ఆమె దగ్గరికి వచ్చి, "మా ఆయన కన్నా మీరే జాగ్రత్తగా చూస్తున్నారు," అని నవ్వింది. కడుపుతో ఉన్న మనిషి చెయ్యి పట్టుకుని లేవడమా? ఆయన చెవులు వేడెక్కాయి. "ఎత్తు మీద ఎలా లాగుతుందో చూడాలి, కాస్త ఆలస్యమవుతుంది," అని కొండ రోడ్డు పట్టాడు.

ఇంటికి వెళ్తే రోస్విత ఒక్కతే లేపలేదు, పక్కింటివాళ్ళని పిలుస్తుంది. ఎవరి ముందుకు వెళ్ళాలి? దారి పొడుగునా ఎన్ని మొహాలు తలుచుకున్నా చివరికి మిగిలింది ఒక్కటే, తను చూడడానికి మొహం చెల్లనిది. కూనో వాకిట్లోకి తిప్పి హారన్ కొట్టాడు.

కూనో ఉల్లినారు నాటుతున్నవాడల్లా మట్టిచేతులతో వచ్చాడు. "ఏంటి బావా, హారన్లు కొడుతున్నావు? ఎక్కడైనా అంటుకుందా?"

"దిగలేకపోతున్నాను."

"ఏంటీ?"

"దిగలేకపోతున్నానురా."

కూనో ఆయన్నీ, బండినీ ఒకసారి చూశాడు. వెళ్ళి ముందు వీధి గేటు మూశాడు. తర్వాత లోపల్నుంచి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చాడు.

"ఇది కిందకి తోస్తాను, కాస్త ఎత్తు. ఆఁ. ఇప్పుడు రెండు కాళ్ళూ కలిపి ఇటు తిరుగు, జారుతుంది. ఆపరేషనయ్యాక మాకు ఇదే నేర్పారు. ఇప్పుడు వంగు. ముక్కు మోకాళ్ళు దాటాలి. అలా నిటారుగా కాదు బావా, అధ్యక్షుడిలా కూర్చోకు. వంగాలి!"

వంగాడు. కూనో చంకల కింద చేతులు వేసి లాగాడు. ఇద్దరూ కాసేపు ఒకరి భుజం ఒకరు పట్టుకుని రొప్పుతూ నిలబడ్డారు. పక్కనే కూనో బండి, ఎత్తు సీట్లది, శుభ్రంగా తుడిచి ఉంది. ఒట్మార్ దాని వైపు చూడలేదు. కూనో 'కుండకుర్చీ' మాట ఎత్తుతాడని ఎదురుచూశాడు. ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండుననిపించింది.

"బండి ఆవిడకి ఇచ్చి రావాలి," అన్నాడు.

"సంచి నీ దగ్గరే ఉంచు. నేను వెనకాలే వస్తాను."

స్వెన్యా ఇంటి ముందు కూనో తన బండి దిగి, దారిన పోతూ తెలిసినవాడు కనపడినట్టు, "ఓహో, హేగెలె! నువ్విక్కడా!" అని చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పట్టుకుని, సంచి మీద జారి, వంగి, ఒట్మార్ లేచాడు. చూసేవాళ్ళకు అది గట్టి కరచాలనంలాగే ఉంది. ఆ ఒక్క నిమిషం ఆయన పరువు నిలిచింది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది.

"అయితే కుదిరినట్టేనా అండీ?" అంది స్వెన్యా ఆశగా.

నా వయసుకు కాదమ్మా అంటే సరిపోయేది. దానికి బదులు, "తలుపు కింది రేకులో తుప్పుందమ్మా," అన్నాడు.

ఆమె మొహం పాలిపోయింది. "పోయిన నెలే ఫిట్‌నెస్ చేయించాను. వాళ్ళేమీ చెప్పలేదే. ఎక్కడో చూపిస్తారా?"

"పైకి కనపడదు. లోపల్నుంచి తింటోంది. ఇందులో పండినవాళ్ళకే తెలుస్తుంది."

ఆమె తాళాలు తీసుకుని కార్డు తిరిగిచ్చింది. "చెప్పడమే మంచిదయిందండీ. ప్రకటనలో ఆ సంగతి కూడా రాస్తాను. తెలిసి తెలిసి ఎవరినీ మోసం చెయ్యకూడదు కదా," అంది.

ఒట్మార్ తన డీజిల్ బండి ఎక్కి స్టార్ట్ చేశాడు. అద్దంలో కూనో ఇంకా అక్కడే నిలబడి, వంగి, ఆ తలుపు కింది రేకు మీద వేలితో రాసి చూస్తున్నాడు.

గురువారం కూనో బల్ల దగ్గరికి వచ్చాడు. శరదృతువు తర్వాత అదే రావడం. జరిగి చోటిచ్చారు. బంగాళాదుంపల సలాడూ బీరూ వచ్చాయి.

"ఊఁ, హేగెలె! మూడోది ఏమైంది? బయట డీజిలు బండి కూడా లేదే, మళ్ళీ నడిచే వచ్చావా?" అన్నాడు ఎర్విన్.

"తుప్పు," అన్నాడు ఒట్మార్, గ్లాసులోకి చూస్తూ.

"నేనూ చూశాను. తుప్పే," అన్నాడు కూనో. అడగకుండానే అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక కూనో అబద్ధం చెప్పగా ఆ బల్ల దగ్గర ఎవరూ వినలేదు.

"లోయలో టీచరమ్మదేగా, ఆకుపచ్చది? మావాడు శనివారం చూడ్డానికి వెళ్తానన్నాడు. వద్దని చెప్పేస్తాను. హేగెలె పక్కన పెట్టాడంటే ఇంక ఎవడూ ముట్టక్కర్లేదు," అన్నాడు ఎర్విన్.

అందరూ తలలూపారు. ఆ తలలూపడం కోసమే ఆయన ముప్ఫై ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు అది చూసి సలాడు పళ్ళెం పక్కకి జరిపాడు. మంచి ముక్క ఒకటి ఆయన చేతి మీదుగా చెత్తబుట్టలో పడుతోంది, అందరూ శభాష్ అంటున్నారు.

"మీవాణ్ణి వెళ్ళమను," అన్నాడు.

"ఎందుకూ? తుప్పన్నావుగా."

"తుప్పు లేదు. గాజులా ఉంది బండి." ఫైరింజన్ దళాన్ని ఉరికించిన గొంతు పక్కవాడికి కూడా సరిగా వినపడలేదు. "నేను దిగలేకపోయాను."

"ఎందులోంచి?"

"బండిలోంచి. కూనో వచ్చి లాగాడు."

ఎర్విన్ కూనో వైపు తిరిగాడు. "మరి నువ్వూ చూశానన్నావు?"

"నా కళ్ళు సరిగా లేవులే," అన్నాడు కూనో.

అప్పుడు పేలింది నవ్వు. "అయితే హేగెలెకీ ఒకటి కావాలర్రా! కుండకుర్చీ!" అన్నాడు ఎర్విన్, బల్ల చరుస్తూ. తను పెట్టిన పేరు ఇంకొకడి నోట్లోంచి తన మీదికి రావడం ఒట్మార్ మొదటిసారి విన్నాడు. అది ఎంత మోటుగా ఉందో, ఆ రోజు దాన్ని విని నవ్వడానికి కూనో ఎంత కష్టపడి ఉంటాడో అప్పుడు అర్థమైంది. తనకు మాత్రం నవ్వు రాలేదు.

బయట వాన మొదలైంది. కూనో బండి హోటలు కిటికీకి ఎదురుగా ఉంది. "ఎక్కుతావా బావా, నడుస్తావా?" అన్నాడు తలుపు తీసి పట్టుకుని.

కిటికీలో మొహాలన్నీ వరసగా ఉన్నాయి. ఒట్మార్ ఎక్కాడు. వంగక్కర్లేదు, పడక్కర్లేదు, ఇంట్లో కుర్చీలో కూర్చున్నంత సులువు. ఆ సులువుకే ఆయన మొహం మండిపోయింది.

కూనో ఇంజను స్టార్ట్ చెయ్యబోయాడు.

"ఆగరా," అన్నాడు ఒట్మార్. ఫోను తీసి, నంబరు వెతికి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "అమ్మా, నేను హేగెలెని. ఆ రోజు బండి చూడడానికి వచ్చాను కదా... ప్రకటనలో తుప్పు గురించి రాశారా? అయితే తీసెయ్యండి. నేను అబద్ధం చెప్పాను."

అవతలి నుంచి ఎందుకని అడిగినట్టుంది. కూనో మొహం అటు తిప్పుకుని, చొక్కా చేతితో కిటికీ అద్దం మీది ఆవిరి తుడవడం మొదలుపెట్టాడు.