అవతలి కొండ మీద ఆలస్యంగా ఊగిన దీపం

ముందే చెబుతున్నాను. ఇందులో ప్రతి మాటా నిజం. నా చేతిలో ఉన్న ఈ కాఫీ గ్లాసు మీద ఒట్టు. ఇది అరకు కాఫీయే, అందుకే దీని మీద వేస్తున్నాను. నా మాటలు నమ్మకూడదని మా ఇంట్లో చంటిపిల్లకి కూడా తెలుసు. చేప పట్టానని చెబితే, అసలు చెరువు ఉందా అని అడుగుతారు. అయినా సరే... ఈ ఒక్కటీ నమ్మండి. నమ్మబుద్ధి కాకపోతే చివరిదాకా విని, అప్పుడు మానేయండి.

రెండువేల నాలుగో, ఐదో. విశాఖపట్నంలో నాకు శంకరం అని ఒక స్నేహితుడుండేవాడు. ఉండేవాడంటే ఇప్పటికీ ఉన్నాడు, కంగారు పడకండి. పగలు వాళ్ళ బావ ఇనప కొట్లో కాటా దగ్గర కూర్చునేవాడు. రాత్రయితే మేడమీది రేకుల గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ట్రాన్స్ సంగీతం చేసేవాడు.

ట్రాన్స్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అందులో మాటలుండవు. పరిగెత్తి వచ్చిన మనిషి గుండెలా ఒక దెబ్బ... ధమ్ ధమ్ ధమ్ ధమ్... ఆగకుండా. దాని మీద సన్నగా ఒక రాగం లేస్తుంది. లేస్తూనే ఉంటుంది. ఉన్నట్టుండి కింద దెబ్బ ఆగిపోతుంది. అందరూ చేతులెత్తి ఊపిరి బిగబడతారు. మళ్ళీ దెబ్బ పడుతుంది. ఆ పడే క్షణం కోసం మనుషులు రాత్రంతా నిలబడతారు.

ఆ రోజుల్లో ఈ పిచ్చి ఉన్నవాళ్ళు విశాఖ మొత్తం మీద ఒక మినీ బస్సుకి సరిపోయేవారు. ఇంజనీరింగ్ పిల్లలు, ఒక పళ్ళ డాక్టరు, చీకట్లో మెరిసే రంగులతో గుడ్డల మీద చక్రాలు గీసే ఒక అమ్మాయి. శంకరం ఇంట్లో బర్న్ చేసిన సీడీలు వీళ్ళ మధ్య చేతులు మారేవి. పార్టీ ఎక్కడో ఆఖరి రోజు దాకా రహస్యం. ఒక నంబరుకి ఫోన్ చేస్తే చెప్పేవాళ్ళు. ఆ నంబరు మా ఇంటిది. "అంకుల్, ఈసారి ఎక్కడ?" అని అడిగేవారు. నాకప్పటికి పెళ్ళి కూడా కాలేదు.

ఆ ఏడు శంకరం వాళ్ళ అక్కకి ఒక మాటిచ్చాడు. అరకులో పెట్టబోయే పార్టీకి జనం వచ్చి ఆడితే సరే. రాకపోతే పాటలు కలిపే మిక్సరూ కీబోర్డూ అమ్మేసి, బావ కొట్లో పూర్తిగా కుదురుకుంటానని. ఆ సంగతి నాకు చెబుతూ నవ్వాడు. వాడు నవ్వితే నాకు భయం. ఏడుపు వచ్చినప్పుడే అలా నవ్వుతాడు.

శంకరమూ నేనూ ముందుగా జీపులో వెళ్ళిపోయాం. అరకు దాటాక, రోడ్డు నుంచి లోపలికి ఒక కొండవాలు. చోళ్ళు, అంటే రాగులు, కోసేసిన చేను. చుట్టూ నూనెగింజల పంట, వలిసెలు, పూసి పచ్చగా ఉన్నాయి. కింద గెడ్డ, చిన్న వాగు. గెడ్డకి అవతల మరో కొండ, బోడిది. చేను సుక్రమ్మది. ఆవిడ కొడుకు గాసి. జనరేటరూ, స్పీకర్లూ గాసివే. పెళ్ళిళ్ళకీ చర్చి సభలకీ ఆ చుట్టుపక్కల అతనే మైకు సెట్టు పెడతాడు.

"ఏటి బాబూ, ఈ పాటకి మాటల్లేవేటి?" అన్నాడు గాసి, శంకరం మొదటి ట్రాక్ వేయగానే. "పెల్లికూతురు లేని పెల్లిలాగుంది."

సుక్రమ్మ అవతలి కొండకేసి చూపించింది. "మా ఊరు ఆ కొండ మీదుండేది. నీల్లకి దూరమని రోడ్డు కాడికి దిగిపోనాం. పండగలకి అక్కడే దింసా ఆడీవోలం."

శంకరం స్పీకర్లు సరిచూస్తూ ఒక్క దెబ్బ వేశాడు. ధమ్. కాస్త ఆగి... అవతలి కొండ ధమ్ అంది.

"విన్నావా? పాట అక్కడికి వెళ్ళేసరికి లేటవుతుంది," అన్నాడు నాతో. "అవతలి గట్టున బట్టలుతికేవాళ్ళని చూడు, బట్ట బండకి తగిలిన కాసేపటికి గానీ చప్పుడు మనకి వినపడదు. అలాగే ఆ కొండ మీద నిలబడి ఎంత బాగా ఆడినా, ఇక్కడున్న నాకు వాడు వెనకబడ్డట్టే కనిపిస్తాడు."

నేను సరే అన్నాను. అప్పుడు నా ధ్యాసంతా పకోడీల మీద ఉంది.

సాయంత్రానికి వాన పట్టుకుంది. చీకటి పడ్డా మనవాళ్ళ బస్సు రాలేదు. ఫోన్లకి సిగ్నల్ లేదు. గాసి సైకిలు మీద రోడ్డు దాకా వెళ్ళి తడిసి ముద్దయి వచ్చాడు.

"ఘాట్లో బండ పడిపోనాది బాబూ. బస్సులన్నీ అనంతగిరి కాడే ఆగిపోనాయి. రేపు గానీ దారి తియ్యరట."

శంకరం ఖాళీ చేనుకేసి చూశాడు. తర్వాత నవ్వాడు.

"మూసేద్దాం రా," అన్నాను.

"మూసేస్తే అక్కకి ఏం చెప్పను? జనం రాలేదనా, నేను వెయ్యలేదనా?"

"ఎవరికి వేస్తావురా ఇప్పుడు?"

"గాసికి."

"నాకొద్దు బాబూ," అన్నాడు గాసి. "నాను జనరేటరు కాడ పండుకుంటాను."

అలా మొదలుపెట్టాడు శంకరం. ఖాళీ చేను. చినుకులు. మంచు. ఆ మెరిసే గుడ్డలు కట్టాల్సిన వెదుర్లు ఊరికే నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ధమ్ ధమ్ ధమ్ ధమ్... నేను శంకరం పక్కనే నిలబడి మిక్సరు మీద గొడుగు పట్టాను. ఇది గుర్తుపెట్టుకోండి. కాసేపటికి ఒక నక్క వచ్చి స్పీకరు ముందు కూర్చుంది. తల ఆడించింది కూడా. దానికి బేస్ నచ్చింది.

వాన తగ్గింది. మంచు గెడ్డలోకి దిగిపోయింది. అవతలి కొండ నల్లగా బయటపడింది.

అప్పుడు... అక్కడ... ఒక దీపం.

ఎవరో బీడీ ముట్టించారేమో అనిపించింది. కానీ అది కదిలింది. అటు... ఇటు... పాటకి ఊగుతున్నట్టు. కొండ అంచున, ఒంటరిగా.

శంకరం హెడ్‌ఫోన్ తీసి మెడకి వేసుకున్నాడు. రెప్ప వెయ్యడం లేదు.

దాని పక్కన... కాస్త ఎడంగా... ఇంకొకటి. దాని పక్కన మరొకటి. ఎవరో వత్తి నుంచి వత్తికి అంటిస్తున్నట్టు, మెల్లగా, కొండ పొడుగునా... ఒక వరస. పసుపుపచ్చగా, చిన్నచిన్నగా. అన్నీ ఒకే ఎత్తులో. అన్నీ అటు... ఇటు...

జనరేటరు దగ్గర పడుకున్న గాసి లేచి వచ్చాడు.

"ఎవులు బాబూ అక్కడ?"

"మీవాళ్ళు కాదా?" అన్నాడు శంకరం.

"మావోల్లకి రాత్రేల ఆ కొండ మీద పనేటి?"

రాగం పైకి లేస్తోంది. శంకరం చెయ్యి నాబ్ మీదకి వెళ్ళింది. కింద దెబ్బ ఆపేశాడు.

దీపాలు ఆగిపోయాయి. టక్కున. అన్నీ.

కాదు... ఒక్కటి ఊగుతోంది. అంచున ఉన్నది, మొదట వచ్చినది. ఇంకొక్క ఊపు ఊగి... అప్పుడు ఆగింది.

ఎక్కడా చప్పుడు లేదు. గెడ్డలో నీళ్ళు. వెదురు మీంచి జారే చుక్క. టప్... టప్... గాసి ఊపిరి శంకరం భుజం దగ్గర వినిపిస్తోంది.

శంకరం దెబ్బ వేశాడు. ధమ్. వరసంతా ఒక్కసారే కదిలింది. ఆ ఒక్కటి మాత్రం కాస్త ఆలస్యంగా.

ఎంతసేపు వేశాడో తెలియదు. వేసిన ట్రాకే కొత్తగా వేస్తున్నాడు, వాళ్ళు ఊగేదాన్ని బట్టి మలుపులు తిప్పుతున్నాడు. ఆ రాత్రి వాడు ఒక్కసారి కూడా నవ్వలేదు. మళ్ళీ చూసేసరికి ఆలస్యంగా ఊగే దీపం అంచున లేదు. వరస మధ్యలో ఉంది. అటూ ఇటూ దీపాలు దానికి దగ్గరగా జరిగి ఉన్నాయి. తెల్లవారేముందు మంచు మళ్ళీ లేచి అన్నింటినీ కప్పేసింది.

పొద్దున్నే సుక్రమ్మ చోడి అంబలి తెచ్చింది. గాసి జరిగింది చెప్పాడు. ఆవిడ గ్లాసులు నింపుతూ విన్నది.

"ఆలీసంగా ఊగినది మజ్జికి వచ్చీసిందేటి?" అంది.

"వచ్చేసిందమ్మా," అన్నాడు శంకరం.

"అయితే బయం లేదు. దింసా ఆడినపుడు అడుగు రానోడిని సివర ఉంచరు. సివరుంటే జారిపోతాడు. మజ్జిన పెట్టుకుంటారు. ఎనక నుండి అటోలూ ఇటోలూ సెయ్యేసి పట్టుకుంటే, అడుగు దానికదే వత్తాది." గ్లాసు నా చేతికిచ్చింది. "బేగి తాగు బాబూ, సల్లారిపోతాది. నీ బట్టలేటి అంత తడిసిపోనాయి?"

నేను అంబలి తాగాను.

ఇక ఒట్టు సంగతి. గ్లాసులో కాఫీ అయిపోయింది కాబట్టి చెబుతున్నాను.

నక్క అబద్ధం. అక్కడ నక్క రాలేదు, తల ఆడించలేదు.

గొడుగు కూడా అబద్ధం. గొడుగు నేను పట్టలేదు, మిక్సరు మీద గోనె కప్పారు. నేనసలు శంకరం పక్కన లేను. ఆ దీపాల వరస నా కళ్ళతో చూడలేదు. అదంతా శంకరమూ గాసీ చెప్పినదే, అక్షరం మార్చకుండా చెప్పాను.

వాడు ఖాళీ చేనుకి వాయించడం నేను చూడలేకపోయాను. "బస్సేమైనా వచ్చిందేమో రోడ్డు దాకా వెళ్ళి చూసొస్తాను" అని చెప్పి, టార్చి జేబులో పెట్టుకుని, గెడ్డ దాటి, ఆ బోడి కొండ ఎక్కాను. ఒక్కడైనా ఆడుతున్నట్టు వాడికి కనిపించాలి. ఎవరో తెలియనివాడు, దారిన పోయేవాడు, పాట విని ఆగిపోయాడని అనుకోవాలి. అంతే నా ఆలోచన.

టార్చి వెలిగించి ఊగడం మొదలుపెట్టాను. నాకు ఆట రాదు. కాళ్ళ కింద తడి రాళ్ళు. చుట్టూ చీకటి. నా టార్చి తప్ప అక్కడ ఇంకో వెలుగు లేదు, అది మాత్రం ఎక్కడైనా చెబుతాను.

ఒక రాయి జారింది. కొండ అంచు. వెనక్కి పడబోయాను...

వీపు వెనక ఒక చెయ్యి పడింది.

తోయలేదు, లాగలేదు. నడుము మీదుగా వచ్చి నిలబెట్టింది. తర్వాత రెండోవైపు నుంచి ఇంకొకటి. పొయ్యి పొగ వాసన. వలిసె నూనె రాసిన జుట్టు వాసన. గుండె ఆగిపోయిందని చెబితే మీకు బాగుంటుంది. ఆగలేదు. ఎవరో ఇంటికి తీసుకెళుతున్నట్టు అనిపించింది. తల తిప్పి చూడలేదు. చూస్తే వదిలేస్తారని భయం... అదీ ఆ రాత్రి నా భయం.

ఇంకొక్కటి. ఆ చేతులు ముందు కదిలేవి. పాట తర్వాత వచ్చేది. ఒకసారి అవి ఆగిపోయాయి. నా చెవిలో ధమ్ ధమ్ ఇంకా మోగుతోంది, నేను ఊగుతున్నాను. అప్పుడు ఆగింది పాట.

తిరుగు ప్రయాణంలో జీపులో శంకరం చాలాసేపు నా బూట్లకేసి చూశాడు. నిండా ఆ బోడి కొండ ఎర్రమట్టి.

"ఒకటి లేటుగా ఊగింది రా," అన్నాడు. "అది మనిషి. పాట గాలిలో వచ్చి చెవిలో పడితే అంత లేటవుతుంది. అది ఎవరో నేను అడగను, నువ్వు చెప్పకు."

నేను కిటికీలోంచి చూస్తున్నాను.

"మిగతావాళ్ళు నేను దెబ్బ వేసిన క్షణానే కదిలారు. వాళ్ళకి పాట ఎక్కణ్ణుంచి వినిపించింది?"

తర్వాత చాలామందిని అడిగాను. తోటల కాపలావాళ్ళ లాంతర్లన్నారు ఒకరు. మిణుగురులన్నారు ఇంకొకరు. అయి ఉండొచ్చు.

శంకరం మిక్సరు అమ్మలేదు. ఇంటికి వెళ్ళగానే అక్క అడిగింది, జనం వచ్చారా అని. వచ్చారన్నాడు. ఎంతమందని అడిగితే, చీకట్లో సరిగా కనిపించలేదన్నాడు. ఇప్పటికీ పగలు కొట్టు, రాత్రి పాట.

కాబట్టి నక్క అబద్ధం, గొడుగు అబద్ధం. ఆ చేతులు మాత్రం నేను కల్పించలేదు. నా సంగతి మీకు తెలుసుగా... కల్పించి ఉంటే వాటికి గాజులు తొడిగేవాణ్ణి, గలగలమనిపించేవాణ్ణి. ఆ చేతులకి ఏమీ లేవు. వెచ్చగా ఉన్నాయి, అంతే.