చప్పట్ల వేడి

గాజువాకలో ఒక అపార్ట్‌మెంటు మొదటి అంతస్తులో నడిచే ప్రైవేటు స్కూల్లో గౌరీశ్వరి సైన్సు టీచరు. ఘన, ద్రవ, వాయు పదార్థాల పాఠం ఆవిడ బోర్డు మీద రాయదు, చప్పట్లతో చెబుతుంది. పిల్లలే అణువులు, చప్పట్లే వేడి. నెమ్మదిగా కొడితే భుజం భుజం ఆనించి, నిలబడిన చోటే వణకాలి, అది ఘనం. కాస్త జోరు పెంచితే ఒకరినొకరు రాసుకుంటూ జరగాలి, అది ద్రవం. ఇంకా పెంచితే వాయువు, ఎవరి దారిన వాళ్ళు పరుగెత్తాలి. బల్లల మధ్య పరుగెక్కడిది? ఏటా అక్కడికొచ్చేసరికి చేతులు ఊపించి సరిపెడుతుంది. ఈసారి హరిచందన అనే పిల్ల అడిగేసింది, "మేడం, గ్యాస్ అయిపోడానికి సోటేదండీ?" గౌరీశ్వరి అందరినీ డాబా మీదికి తీసుకెళ్ళింది. చప్పట్లు జోరెక్కేసరికి పిల్లలు కేకలు పెడుతూ నీళ్ళ ట్యాంకు వెనక్కి, ఆరేసిన దుప్పట్ల కిందికి చెదిరిపోయారు. ఆవిడా కొంగు దోపుకుని, చప్పట్లు ఆపకుండా వాళ్ళ వెంట పరుగెత్తింది. అంతలో మెట్ల దగ్గర స్కూలు ఇన్‌చార్జి అశోక్ కనబడ్డాడు. "ఏటి మేడం ఇది? కింద ఫ్లాటోళ్ళు గోల సేత్తన్నారు. దించేయండి." ఆవిడ చప్పట్లు నెమ్మది చేసింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి భుజం భుజం ఆనించి నిలబడ్డారు.

సాయంత్రం సిటీ బస్సు ఎప్పటిలాగే కిక్కిరిసి ఉంది. "సద్దుకోండమ్మా, సద్దుకోండి," అని కండక్టరు ఇంకొందరిని ఎక్కించాడు. ముందొకరి వీపుకీ వెనకొకరి మోచేతికీ మధ్య గౌరీశ్వరి టిఫిన్ డబ్బా గుండెకు అదుముకుని ఇరుక్కుపోయింది. చేతులు ఎత్తే వీల్లేదు. డబ్బా మూత మీద రెండు వేళ్ళతో కొట్టడం మొదలుపెట్టింది. ముందు నెమ్మదిగా, తర్వాత జోరుగా, ఇంకా జోరుగా. బస్సులో ఎవరూ కదల్లేదు.