సూదక్క కుట్టిన జాకెట్లు

సూదక్క కుట్టిందంటే ఆ వీధిలో ఎవరూ లాగి చూసేవారు కాదు. బడి సంచి కానీ, పరుపు గలీబు కానీ, పడవ తెరచాప కానీ, చిరిగితే గుడ్డ చిరగాలి తప్ప ఆమె కుట్టు ఊడేది కాదు. ఆ పని తండ్రి దగ్గర నేర్చుకుంది. అరచేతికి తోలుపట్టీ కట్టుకుని, మందపాటి తెరచాప గుడ్డలోకి సూదిని దాంతో నెట్టి నెట్టి, చూపు మందగించాక ఆయన ఆ పట్టీని విప్పి కూతురి చేతికి కట్టాడు. కట్టుకున్నవాడు పెళ్ళైన కొత్తలోనే పోయాడు, పిల్లలు లేరు. మిగిలింది రెండు గదుల ఇల్లు, ముందు గదిలో కాలి మిషను, తల్లి లేకపోతే తానే తల్లై పెంచిన తమ్ముడు. తమ్ముడు పక్కింట్లోనే భార్యాబిడ్డలతో ఉంటూ వేటకు వెళ్ళేవాడు. పొద్దున్నే పడవ దగ్గరికి పోతూ కిటికీ మీద వేలితో కొట్టి “పోయొస్తానే” అనేవాడు. ఆ మాట వినిపించాకే ఆమె పొయ్యి వెలిగించేది.

రేవుకి అవతల యాట్ క్లబ్బు ఉంది. తెల్లటి పడవలు, తెల్లటి చొక్కాలు, వాటిని తెల్లగా ఉంచడానికి ఓ నలుగురు నల్లబడిపోయిన మనుషులు. సరదా కోసం సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళకీ, కడుపు కోసం వెళ్ళేవాళ్ళకీ మధ్య ఉన్న ఒకే ఒక దారి సూదక్క. రెండు వైపుల తెరచాపలూ ఆమే కుట్టేది. ఆ దారినే క్లబ్బు సేవా కార్యక్రమాలు చూసే మేడమ్ ఈ వీధిలోకి వచ్చింది.

ఆమెని మొదట్లో ఎవరూ లెక్కచెయ్యలేదు. క్లబ్బువాళ్ళు ఏడాదికోసారి ఒడ్డున చెత్త ఏరతారు, ఏరిన చెత్తతో ఫొటో దిగుతారు, ఆ చెత్త మళ్ళీ ఒడ్డునే ఉంటుంది. కానీ ఈ మేడమ్ వేరుగా కనిపించింది. చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికొచ్చేది. సూదక్క జ్వరంతో మంచం పట్టినప్పుడు తానే కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళి, సెలైన్ అయ్యేదాకా పక్కన కూర్చుంది. “అక్కా” అని పిలిచేది. ఆ పిలుపుకి సూదక్క కరిగిపోయిందని చెప్పడానికి మొహమాటమెందుకు, కరిగిపోయింది.

ఓ రోజు మేడమ్ ఒక లైఫ్ జాకెట్ పట్టుకొచ్చింది. 

“అక్కా, మీవాళ్ళందరికీ ఇలాంటివి ఇద్దామని క్లబ్బులో ఒప్పించాను. కవర్లు నువ్వు కుట్టు. లోపల పెట్టే, నీళ్ళు పీల్చని ఫోమ్ మేం తెప్పించి మా దగ్గరే నింపిస్తాం.”

సూదక్క ఆ జాకెట్టుని నీళ్ళ డ్రమ్ములో పడేసింది. తేలింది. చేత్తో అడుక్కి నొక్కి వదిలింది. మళ్ళీ పైకొచ్చింది. అదే కొలత పెట్టుకుని వీధిలో వేటకు వెళ్ళే ప్రతి మనిషికీ ఒక కవరు కుట్టింది. మెడ దగ్గర లోపలివైపు ఎర్రదారంతో తన గుర్తు, చిన్న తెరచాప బొమ్మ, వేసింది. అది ఆమె ఏది కుట్టినా వేసేదే.

అంతవరకూ ఆ వీధి మగవాళ్ళకి జాకెట్టంటే డబ్బానే. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాని తాడుతో నడుముకి కట్టుకునేవారు. చూడ్డానికి వికారంగా ఉండేది, కూర్చుంటే అడ్డం, నడిస్తే తొడలకి కొట్టుకునేది. కానీ పడ్డవాణ్ణి తేల్చేది. క్లబ్బు వార్షికోత్సవం నాడు “డబ్బా ఇవ్వండి, జాకెట్ తీసుకోండి” అని పెట్టారు. మైకులో మేడమ్ మాట్లాడింది, పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. వీధివాళ్ళు ఒకరి వెనక ఒకరు వెళ్ళి డబ్బా ఇచ్చి జాకెట్ తొడుక్కున్నారు. తమ్ముడు ఒక్కడే మొండికేశాడు.

“నాకు నా డబ్బా చాలే. అది నన్ను ఒకసారి బతికించింది.”

“నేను కుట్టానురా. నా మీద నమ్మకం లేదా?” అని సూదక్క అతని నడుమున ఉన్న ముడి తానే విప్పి, డబ్బా తీసుకెళ్ళి కుప్పలో వేసింది.

తర్వాత కొన్నాళ్ళకి తమ్ముడి భార్య తన అన్న జాకెట్ పట్టుకొచ్చింది. “వదినా, దీని పట్టీ తెగింది. కాస్త చూడవూ. ఎన్ని రోజులు ఎండేసినా తడి పోవట్లేదు, ఇదేం రోగమో.”

పట్టీ తెగింది కుట్టు దగ్గర కాదు, గుడ్డ దగ్గర. అందుకు సూదక్క కొంచెం గర్వపడింది కూడా. ఆ గర్వం ఎక్కువసేపు నిలవలేదు. చేతిలో పట్టుకుంటే తడి దుప్పటంత బరువుంది. కత్తెరతో పక్క కుట్టు విప్పింది. లోపల మెత్తగా, పచ్చగా, నీళ్ళు కారుతూ స్పాంజి. దాని ఓ అంచుకి గోధుమరంగు గుడ్డ పీలిక అంటుకుని ఉంది. ఆ గుడ్డని ఆమె ఎక్కడైనా గుర్తుపడుతుంది. కిందటేడు క్లబ్బు హాల్లో పాత సోఫాలు తీసేసి కొత్తవి వేసినప్పుడు, కొత్త కవర్లు కుట్టింది తనే. పాతవాటి మీద ఉన్నది ఈ గుడ్డే. పెద్దమనుషులు ఏళ్ళ తరబడి కూర్చుని అణగదొక్కిన స్పాంజిని ముక్కలు కోసి, ఆమె కుట్టిన కవర్లలో కుక్కి, ఆమె తమ్ముడి ఒంటికి తొడిగారు.

అయినా నమ్మబుద్ధి కాలేదు. ఒక ముక్క బయటికి తీసి, మిగతా స్పాంజిలో నీళ్ళు పిండేసి, జాకెట్టుని డ్రమ్ములో వేసింది. కాసేపు తేలింది. అంతలోనే ఆశ పుట్టింది ఆమెకి. తర్వాత నీళ్ళు తాగుతూ తాగుతూ నెమ్మదిగా ఒరిగి అడుక్కి వెళ్ళిపోయింది.

బయట గాలి లేచింది. తమ్ముడు పొద్దున్నే వేటకు వెళ్ళాడు. ఆ స్పాంజి ముక్కతో పిచ్చిదానిలా క్లబ్బుకి పరిగెత్తింది.

క్లబ్బులో ఆరోజు పోటీలు. వరండాలో మేడమ్ అతిథులకి పూలకుండీలు చూపిస్తోంది. ఆ కుండీలు ఏమిటో దగ్గరికెళ్ళాక తెలిసింది. వీధివాళ్ళ డబ్బాలే. పైభాగం కోసేసి, అడుగున చిల్లులు పెట్టి, తెల్లరంగు వేసి పూలమొక్కలు నాటారు. తమ్ముడి డబ్బాకి సొట్ట ఉండేది. ఆ సొట్ట మీద కూడా రంగు పూశారు.

మేడమ్ ఆమెని పక్కకి తీసుకెళ్ళింది. సూదక్క చేతిలోని స్పాంజి ముక్క చూసి ఆశ్చర్యపోలేదు.

“ఫోమ్ టైముకి రాలేదక్కా. ఫంక్షన్ తేదీ మార్చడానికి లేదు. తర్వాత మార్చేద్దాం అనుకున్నాం, పనుల్లో పడి అలా ఉండిపోయింది.”

“నా తమ్ముడు అది వేసుకుని సముద్రం మీదున్నాడు. మీ మోటారు బోటు పంపండి.”

“బోటు పోటీల దగ్గరుంది, ఇప్పుడు తీస్తే అందరూ అడుగుతారు. అయినా మీవాళ్ళకి ఈత వచ్చు కదా అక్కా.”

“ఈత వచ్చినవాడు డబ్బా ఎందుకు కట్టుకున్నాడమ్మా?”

మేడమ్ గొంతు తగ్గించింది. “కాస్త నెమ్మదిగా. వాటి మీద నీ గుర్తు ఉంది. కుట్టింది నువ్వని అందరికీ తెలుసు. గొడవైతే ముందు నీ గుమ్మం ముందుకే వస్తారు. నీ మంచికే చెబుతున్నా.”

ఆసుపత్రిలో సెలైన్ పక్కన కూర్చున్నప్పటి గొంతే అది. అంతే మెత్తన, అంతే ఆప్యాయం. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో సూదక్క అంతవరకూ మాటగానే విన్నది. గొంతు కోసేవాళ్ళు ఇంత ప్రేమగా మాట్లాడతారని మాత్రం ఎవరూ చెప్పలేదు. వెనక్కి తిరిగి వచ్చేసింది.

ఒడ్డున నిలబడి పడవల కోసం ఎదురుచూసింది. ఒక్కొక్కటే వచ్చాయి. అన్నీ వచ్చాయి. తమ్ముడి పడవ చివర్న వచ్చింది, తడిసి ముద్దయి నవ్వుతూ దిగాడు. ఆమె ఎదురెళ్ళి అతని ఒంటి మీద జాకెట్ పట్టీలు విప్పడం మొదలుపెట్టింది.

“ఏమైందే నీకు?”

చెప్పింది. దాచలేదు, తగ్గించలేదు. సోఫా సంగతి, డ్రమ్ము సంగతి, డబ్బాల్లో నాటిన పూలమొక్కల సంగతి అందరూ వినేలా చెప్పింది. తానే ముడి విప్పి డబ్బా తీసుకున్న సంగతి కూడా చెప్పింది. అందరూ జాకెట్లు తీసి ఇసుకలో పడేశారు. ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండు అనిపించింది ఆమెకి. ఎర్రదారం తెరచాపలు ఇసుకలో పైకి కనబడుతూ పడి ఉన్నాయి.

తమ్ముడు అడిగాడు. “నీకు ముందే తెలుసా?”

“తెలీదురా.”

“సరే,” అన్నాడు. తల ఊపాడు. కానీ ఆ ప్రశ్న అడిగాడు. తన చేత్తో గోరుముద్దలు తినిపించి పెంచినవాడు, వీధంతా వింటుండగా, ఆ ప్రశ్న అడగగలిగాడు. మేడమ్ చేసిన మోసం క్లబ్బు వరండాలో తగల్లేదు ఆమెకి. ఇక్కడ తగిలింది.

మర్నాడు క్లబ్బు తెరచాప సగం కుట్టింది సగంగానే తీసుకెళ్ళి గేటు దగ్గర పడేసి వచ్చింది. మేడమ్ తన మనిషిని పంపింది, సూదక్క తలుపు తియ్యలేదు. మగవాళ్ళు ఎక్కడెక్కడివో కొత్త డబ్బాలు వెతికి తెచ్చుకున్నారు. ఆమె మిగిలిన తెరచాప గుడ్డతో తమ్ముడికి నడుం పట్టీ కుట్టింది, డబ్బా తాడు ఒరుసుకోకుండా. ఎప్పుడూ వేసే గుర్తు ఈసారి వెయ్యలేదు.

మళ్ళీ వేటకు వెళ్ళే పొద్దున కిటికీ మీద చప్పుడు కాలేదు. అడుగులు దాటిపోతుంటే ఆమే తలుపు తీసి బయటికొచ్చి పట్టీ అందించింది. తమ్ముడు తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. కుట్టు ఉన్నచోట రెండు చేతులతో పట్టుకుని, ఆమె ఎదుటే, బలంగా లాగాడు. ఊడలేదు. ఇంకోచోట పట్టుకుని మళ్ళీ లాగాడు.

“అన్నిచోట్లా లాగి చూసుకో,” అంది సూదక్క, అతను పూర్తిచేసేదాకా అక్కడే నిలబడి.