పట్టుచీరలో వచ్చిన పాపరు

ఉదయం పది గంటల నలభై నిమిషాలకు పెనుకొండ కోర్టు బంట్రోతు వరండాలోకి వచ్చి, ఒకసారి దగ్గి, పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. రోజూ జరిగే పనే. ఆ నిమిషం నాకు ఇంకా గుర్తుండటానికి కారణం, ఆ రోజు పిలిచిన రెండో పేరు వకీలుగా నా మొదటి సొంత పార్టీది కావడం. (సొంత పార్టీ అంటే ఫీజు ఇవ్వలేని పార్టీ అని అర్థం. ఇవ్వగలిగినవాళ్లందరూ మా సీనియరు గారి పార్టీలే.)

ఆ రోజుల్లో, అంటే యాభైల చివర్లో, పేదవాళ్లకు న్యాయం జరిగి తీరాలని మా సీనియరు గారికి గట్టి పట్టుదల ఉండేది. హిందూపురంలో ఎక్కడ సభ జరిగినా దాని మీద గంటసేపు మాట్లాడి, కండువాతో కళ్లు తుడుచుకుని, మరునాడు అటువంటి పేదవాళ్లెవరైనా ఆఫీసుకు వస్తే నా బల్ల వైపు చూపించేవారు. దేశంలో పేదరికం రూపుమాపే పని ఆ విధంగా ఇరవై ఐదేళ్ల నా చేతికొచ్చింది. నేను దానికి పూర్తిగా తగినవాణ్ణని నమ్మాను. నల్లకోటు మా చిన్నాన్న కొలతకు కుట్టించింది కావడం తప్ప నాలో ఏ లోపమూ నాకు కనిపించలేదు.

నా పార్టీని అందరూ కండెల అవ్వ అనేవాళ్లు. ధర్మవరంలో ఒక మగ్గాల ఇంట్లో నేతకు పట్టు కండెలు చుట్టేది, ఆ ఇంటి అరుగు మీదే పడుకునేది. మొగుడి ఇల్లు పెనుకొండలో ఉంది. మొగుడి దినాలు కాగానే మరిది ఆమెను బయటికి పంపి, ఇంటికి తాళం వేసి, లోపల చింతపండు నిల్వ పెట్టుకున్నాడు. ఇల్లు పెనుకొండలో, ఇల్లు లేని మనిషి ధర్మవరంలో, ఆ రెంటినీ కలపవలసిన చట్టం హిందూపురంలో మా సీనియరు గారి అద్దాల బీరువాలో.

దావా వేయాలంటే ముందు కోర్టు ఫీజు కట్టాలి. కట్టలేనివాళ్లకు చట్టం దయతలచి ఒక దారి చూపించింది. ఒంటి మీది బట్టలు తప్ప తనకున్నదంతా జాబితా రాసి అర్జీ పెట్టుకుని, నిజంగానే గతిలేని మనిషినని రుజువు చేసుకోవాలి. కాదు, ఉన్నవాళ్లేనని వాదించే హక్కు ఎదుటివాళ్లకు ఉంటుంది. ఇల్లు గెలవడానికి ముందు దరిద్రం గెలవాలన్నమాట. నేను ఆ అర్జీని ఇంగ్లీషులో ఎనిమిది పేజీలు రాశాను. ఆస్తి జాబితా మూడు వరుసలే: రాట్నం ఒకటి, సత్తు తపేలా ఒకటి, చాప ఒకటి. మిగిలినదంతా ఆమె లేమిని వర్ణించడానికి వాడుకున్నాను. వేలిముద్ర వేస్తూ అవ్వ ఇందులో ఏం రాసినావని అడిగింది. నీ ఇంటి సంగతేలే అన్నాను.

వాయిదా రోజు అవ్వ రైలు దిగి వచ్చి కోర్టు మెట్లెక్కింది. ఒంటి మీద జరీ అంచు పట్టుచీర. దగ్గరికి పోయి ఇదేమవ్వా అన్నాను.

"కోర్టంటే మర్యాదగా రావల్ల కదా నాయనా. మా ఇంటామె తన చీర ఇచ్చి పంపించింది. మాపటికి మడిచి ఇచ్చేయల్ల. నువ్వు కొంచెం ఎడంగా నిలబడు, నలుగుతాది."

ధర్మవరంలో అరుగు మీద పడుకునే మనిషికి కూడా కోర్టుకు పోవడానికి పట్టుచీర దొరుకుతుంది. పాత చీరతో పంపితే ఆ ఇంటికి తలవంపు. ఈ సంగతి నా ఎనిమిది పేజీల్లో ఎక్కడా లేదు.

మరిది తరఫు వకీలుకు ముందు పన్ను బంగారంది. ఆయన లేచి, చీర నేసినవాడికన్నా బాగా చీరను వర్ణించాడు. నేను లేచి ఒంటి మీది బట్టలు లెక్కలోకి రావన్నాను. జడ్జి గారు తలూపారు. బంగారు పన్ను పెదవి వెనక్కి పోయింది. ఆ అరనిమిషం చిన్నాన్న కోటు నాకు సరిగ్గా సరిపోయింది.

తరువాత జడ్జి గారు మంచి మనసుతోనే ఆమెను నేరుగా తెలుగులో అడిగారు.

"ఏమ్మా, నువ్వు పాపరువని అర్జీ పెట్టుకున్నావు. నిజమేనా?"

చట్టంలో పాపరు అంటే గతిలేని మనిషి. మా వైపు ఊళ్లల్లో పాపరు అంటే పదిమంది దగ్గర అప్పు తీసుకుని చేతులెత్తేసినవాడు. గుమ్మం ముందు నిలబడి తిట్టే మాట అది. ఈ తేడా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇంగ్లీషులో రాస్తున్నప్పుడు మాత్రం తెలియలేదు.

అవ్వ ముందు నా వైపు చూసింది, తరువాత జడ్జి గారి వైపు తిరిగింది.

"నేను పాపరు కాదు సామీ. ఎవురికీ ఎగ్గొట్టలే. రెండు చేతులుండాయి, రాట్నం ఉండాది. ధర్మవరంలో యాడన్నా అడుగు. పాపరు కావల్లంటే ఆ బంగారు పన్నాయప్ప వెనకాల కూచున్నాడు చూడు, వాన్ని రాసుకో."

అందరూ నవ్వారు. మరిది నవ్వలేదు. బంగారు పన్ను ఆయన మాత్రం తీరిగ్గా లేచి, పాపరు కాదని ఆమే ఒప్పుకున్నట్టు రాసుకోమని కోరాడు. అర్జీ చదివి వినిపించే వేలిముద్ర వేయించారా అని జడ్జి గారు నన్ను అడిగారు. నేను ఎనిమిది పేజీలూ వరుసగా సర్దుకున్నాను. ఆలోచించుకోమని ఆమెకు ఇంకో వాయిదా ఇచ్చారు.

పెనుకొండ స్టేషన్లో రైలు వచ్చేదాకా బతిమాలాను. అది తిట్టు కాదు, ఒట్టి కోర్టు మాట, ఒక్కసారి అవునంటే దావా నడుస్తుంది, ఇల్లు వస్తుంది అన్నాను. అవ్వ అంతా విని, చీర కుచ్చిళ్లు మట్టి అంటకుండా ఎత్తి పట్టుకుని లేచింది.

"పాపరు అనిపించుకోని ఆ ఇంట్లోకి పోతే, యా మొగంతో పొయ్యి ముట్టిచ్చేది నాయనా?"

పాపరు బదులు బీదరాలు అని రాసి, అర్జీ మార్చి మా సీనియరు గారికి చూపించాను. నమూనాలో ఉన్న మాట మార్చడానికి నువ్వెవరివని, సంతకం పెట్టకుండా పక్కన పెట్టేశారు. (ఆ సాయంత్రం ఆయనకు సభ ఉంది.) తరువాతి వాయిదాకు అవ్వ రాలేదు. అర్జీ కొట్టేశారు.

రెండేళ్ల తరువాత ఆమె ఆ అరుగు మీదే పోయింది. నాకు కబురు ఆలస్యంగా తెలిసింది. ఆ ఇంటామె అదే పట్టుచీర కప్పి సాగనంపిందట. పెనుకొండ ఇంట్లో అప్పటికీ చింతపండే ఉంది.

ఎనిమిది పేజీల నకలు నా దగ్గర ఉంది. మొన్న తీసి చదివాను. ఇంగ్లీషు బాగానే ఉంది, కుర్రవాడు కష్టపడ్డాడు. చట్టంలో ఆ మాట ఆమె పోయిన చాలా ఏళ్లకు మార్చారు. ఇప్పుడు కోర్టు కాగితాల్లో ఎవరినీ పాపరు అని రాయరు.