నల్లతెర మీద ఆఖరి వరుస

ఫిలింనగర్‌లోని ఆ సినిమా ఆఫీసులో, మెట్ల కింద గదిలో కూర్చునే కెజియాకు మాట కన్నా రాత సులువు. ఎవరైనా ఎదురుగా నిలబడి ఏదైనా అడిగితే చెవులు ఎర్రబడతాయి. అదే సంగతి మెయిల్లో అడిగితే చకచకా జవాబిస్తుంది.

ఆమె వాడే మెయిలు అందరి మెయిలులాంటిది కాదు. బొమ్మలుండవు, బటన్లుండవు, మౌసుతో పనే లేదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే. అంతకుముందు ఆ సీట్లో పనిచేసిన ప్రేమ్ చంద్ పెట్టి, నేర్పి వెళ్ళిన ప్రోగ్రాం అది. ఒక్క ఆదేశం టైపు చేస్తే వందమందికి ఎవరి పేరుతో వాళ్ళకు ఉత్తరాలు వెళ్ళిపోతాయి. దాని నడకంతా ఒక సెట్టింగుల ఫైలు చేతిలో ఉంటుంది. ఆ ఫైలు చదవడం ఆఫీసులో కెజియాకు ఒక్కదానికే వచ్చు. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, లోలోపల ఆమెకు అది చాలా గర్వం.

ఆఫీసు తాళాలు తీసేది, టీ కాచేది, శుక్రవారం పూజ చేసేది ఓదెలు. ఆ బ్యానర్ మొదటి సినిమా నుంచీ కెమెరాకు తొలి హారతి ఇచ్చేది ఆయనే. శుక్రవారం పొద్దున్నే అగరొత్తులతో బల్ల బల్లకూ తిరిగి కంప్యూటర్లకూ మనుషులకూ బొట్లు పెడతాడు. కెజియా దగ్గరికి రాగానే కంప్యూటర్‌కు మాత్రం పెట్టి భరిణె మూసేస్తాడు.

“నీ మిషిన్‌కు చర్చి లేదు కద బిడ్డా?” అని నవ్వుతాడు. తర్వాత జేబులోంచి ఒక అరటిపండు తీసి బల్ల మీద పెడతాడు. “దేవునికి సూపెట్టకముందే పక్కకు తీసిన. ఫికర్ లేకుండ తిను.”

కిందటేడు ఆ బ్యానర్ తీసిన ‘ఎండమావి ఎక్స్‌ప్రెస్’ దారుణంగా పోయింది. ఆఫీసులో ఆ పేరెత్తడమే మానేశారు. కొత్త సినిమాకు ఇంకా పేరు పెట్టలేదు, ‘ప్రొడక్షన్ నంబర్ ఫోర్’ అంటున్నారు. నిర్మాత భార్య, ఆఫీసు నడిపే సత్యలక్ష్మి కెజియాను పిలిచి గట్టిగా చెప్పింది.

“ఆఫీసులో పూజ అయి కొబ్బరికాయ కొట్టాకే మర్నాటి మొదటి షూటింగుకు ఆహ్వానాలు వెళ్ళాలమ్మా. ఈలోగా ఈ సినిమా పేరుతో ఒక్క మెయిలు కూడా గడప దాటకూడదు. నీకు నువ్వు పంపుకునేది కూడా వద్దు.”

పంపేవారి పేరు మారిస్తే ముందు తనకే ఒక మెయిలు పంపుకొని చూసుకోవడం కెజియాకు అలవాటు. ఈసారి ఆ పని చేయలేదు. ఫైల్లో పాత సినిమా పేరు తీసి ‘ప్రొడక్షన్ నంబర్ ఫోర్’ అని రాసి, సేవ్ చేసి ఊరుకుంది. ముహూర్తానికి కొబ్బరికాయ పగిలిన చప్పుడు వినగానే మీట నొక్కి హాల్లోకి వచ్చింది.

హారతి పళ్ళెం ఇంకా తిరుగుతుండగానే సత్యలక్ష్మి ఫోను మోగింది. స్పీకరులో బెజవాడ డిస్ట్రిబ్యూటరు సూర్యప్రకాశరావు గొంతు.

“ఏమ్మా, ఎండమావి మళ్ళీ బయల్దేరిందా? ఈసారైనా స్టేషన్ చేరుతుందంటావా?”

ఆహ్వానాలన్నీ ‘ఎండమావి ఎక్స్‌ప్రెస్’ పేరుతోనే వెళ్ళాయి. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సత్యలక్ష్మి ముఖం పాలిపోయింది.

“ఏంటమ్మా ఇది, కెజియా?”

అందరూ ఇటే చూస్తున్నారు. కెజియా చెవులు మండాయి. నోటికి ఏది దొరికితే అది అనేసింది. “పొద్దున ఓదెలన్న కీబోర్డు తుడిచాడు మేడం. అప్పుడేవో మీటలు నొక్కుకుపోయుంటాయి.”

గుడ్డతో తుడిస్తే పంపేవారి పేరు మారదని, ఆ మాట అంటున్నప్పుడే ఆమెకు తెలుసు.

“నేను మీటలు ఒత్తలేదమ్మా. ఊకె పైపైన తుడిసిన,” అన్నాడు ఓదెలు.

“శుభమా అని మొదలుపెడుతుంటే ఈ అపశకునమేంటి, ఓదెలూ! రేపు షూటింగుకు నువ్వు రావద్దు. హారతి మేనేజరు ఇస్తాడు. ఇకనుంచి పూజ కూడా వద్దు, గేటు చూసుకో.”

ఓదెలు పళ్ళెం కింద పెట్టి బయటికి వెళ్ళాడు. కెజియా వైపు చూడలేదు.

కెజియా తన గదిలోకొచ్చి ఫైలు తెరిచింది. కొత్త పేరు ఉన్నచోటే ఉంది. ప్రోగ్రాం మూసి తెరిచి, పంపేవారి పేరేమిటని దాన్నే అడిగింది. ఎండమావి అంది. కొత్త పేరు మళ్ళీ రాసింది. ఎండమావి. ఇక పైనుంచి ఒక్కొక్క వరుస ముందూ హాష్ (#) గుర్తు పెడుతూ వచ్చింది. ఆ గుర్తు పెట్టిన వరుసను ప్రోగ్రాం చదవదు. ఏ వరుస నోరు మూయించినా అదే జవాబు. ఫైలు అడుగున మిగిలిన ఆఖరి వరుసకు కూడా గుర్తు పెట్టేసరికి పాత పేరు మాయమైంది.

ఇంకో చిన్న ఫైలును పిలిచే వరుస అది. ఎండమావి రోజుల్లో ఆ సినిమా పేరు కోసం ఆ చిన్న ఫైలు చేసింది కెజియానే. పైన ఎన్ని రాసినా ఆఖర్న చదివిందే చెల్లుతుందని ప్రేమ్ చంద్ మొదట్లోనే చెప్పాడు. ఆ పాఠమూ మరిచిపోయింది, తన చేతిరాతనూ మరిచిపోయింది.

లేచి సత్యలక్ష్మి గది దాకా వెళ్ళింది. లోపల ఎవరో ఉన్నారు. కాసేపాగి మళ్ళీ వెళ్ళింది. లోపల ఎవరూ లేరు. అయినా తలుపు తట్టలేక వెనక్కి వచ్చేసింది. రాసి పంపుదామని మెయిలు మొదలుపెట్టి ‘మేడం గారికి’ దగ్గరే ఆగిపోయింది. రాతలో కూడా ఆమెకు మాట రాలేదు.

మర్నాడు జూబ్లీహిల్స్‌లో షూటింగు బంగళాలో మేనేజరు హారతి ఇచ్చాడు. గాలికి కర్పూరం రెండుసార్లు ఆరిపోయింది. ఓదెలైతే అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. సాయంత్రం కెజియా ఇంటికి బయల్దేరి ఆఫీసు గేటు దాటుతుంటే ఓదెలు కుర్చీలోంచి లేచి పక్కకు తప్పుకొని దారిచ్చాడు. ఆ లేచి నిలబడడం ఆమె భరించలేకపోయింది. వెనక్కి తిరిగి, తిన్నగా సత్యలక్ష్మి గదిలోకి వెళ్ళి చెప్పేసింది.

“నిన్ననే చెప్పుంటే పొద్దున హారతి వాడి చేతే ఇప్పించేదాన్ని కదమ్మా. అసలు వాడి మీదికెందుకు తోశావు?”

కెజియా తల వంచుకొని తన గదికి వచ్చేసింది.

శుక్రవారం ఓదెలు మళ్ళీ అగరొత్తులు వెలిగించాడు. అన్ని బల్లలకూ తిరిగి మెట్ల కింద గది గడప దగ్గర ఆగాడు. కెజియా లేచి నిలబడింది.

“ఓదెలన్నా, తప్పు నాదే. నీ మీద అబద్ధం చెప్పాను.”

“అమ్మ చెప్పింది,” అన్నాడాయన. గొంతులో కోపం లేదు. లోపలికి మాత్రం రాలేదు. భరిణె మూసే ఉంది. జేబులోంచి అరటిపండు తీసి, చెయ్యి చాపి, గుమ్మం పక్కన ఉన్న స్టూలు మీద పెట్టాడు.

“పండు ఈడ పెడుతున్న. మిషిన్‌ను మీరే తుడుసుకోండ్రి, మేడం.”