నాలుగో సలాయి

ట్రంకు పెట్టె మూత ఎత్తగానే ఎండిన వేపాకు వాసన, దాని కింది నుంచి పాత ఉన్ని వాసన కలిసి ముక్కుకు తగిలాయి. డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ ఎక్కడుందని కోడలు పొద్దుటి నుంచి మూడోసారి అడిగితే, వెతుకుతున్నానని చెప్పి వచ్చి ఈ పెట్టె ముందు కూర్చున్నాను. నా ఎడమ చంక కింది గడ్డను హైదరాబాదులో చూపించుకోవాలని, వారం దాటనివ్వొద్దని ఆ చీటీలో ఉంది. అది రాసిచ్చి ఏడు వారాలైంది. బడి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దాక వెళ్తానన్నాను. అవి దిద్దడం అయ్యాక క్రిస్మస్ పోనివ్వమన్నాను. పెట్టెలో చేతికి తగిలింది మెరూన్ రంగు స్వెటరు. దానికి ఒళ్ళుంది, చేతులున్నాయి, మెడ మాత్రం లేదు. మెడ ఉండవలసిన చోట ఉన్ని ఉచ్చులు ఒక తెల్ల నూలుదారం మీద వరుసగా నిలబడి ఉన్నాయి. నలభై ఏళ్ళుగా అవి అలాగే ఉన్నాయి.

ఆ స్వెటరు మా ఎస్తేరమ్మ అత్తది. ఆమె మా నాయనకు అక్క. పెళ్ళైన రెండేళ్ళకే భర్త పోతే, పిల్లాజెల్లా లేని మనిషి కనుక బీదరులో మా ఇంటికే వచ్చేసి, దవాఖానలో ఆయా పనికి కుదిరింది. మాటల్లో కరుకు, చేతుల్లో మెత్తన. జ్వరమొస్తే అమ్మ కన్నా ముందు అత్త చెయ్యే నా నుదుటి మీద ఉండేది. అల్లిక ఆమె దవాఖానలో నర్సుల దగ్గర నేర్చుకుంది. వానలు వెళ్ళిపోయి కంది చేలు పసుప్పచ్చగా పూతకొచ్చే రోజుల్లో, ఊరి చుట్టూ అడ్డం లేని మైదానం మీది నుంచి చలిగాలి నేరుగా మా సందులోకి దిగేది. అప్పుడు సందులోని ఆడవాళ్ళంతా ఉన్ని ఉండలు పట్టుకొని మా అరుగు మీదికి చేరేవాళ్ళు. మధ్యలో ఎవరో కాల్చిన జొన్నకంకులు తెచ్చి నలిపితే, ఆ వేడి ఊచబియ్యంలో బెల్లం కలుపుకొని తింటూ, ఎండ ఎటు జరిగితే అటు జరుగుతూ, పిల్లలం గచ్చకాయలాడుకుంటుంటే సలాయిల చప్పుడు టిక్కుటిక్కుమని వినబడుతూనే ఉండేది.

అల్లే పుల్లల్ని మేం సలాయిలనే వాళ్ళం. నేరుగా అల్లేది సీదా, తిరగేసి అల్లేది ఉల్టా, సలాయి మీద నిలిచే ఒక్కొక్క ఉచ్చు ఫందా. ఆ పనికి మా ఇంట్లో వేరే తెలుగు మాటలే లేవు. అయితే ఫందా అన్న మాట నేను అంతకుముందే ఇంకోచోట విన్నాను. మన్నళ్ళి అనే పల్లెలో మా మేనమామ తన చేను గట్టున కౌజుపిట్టల కోసం గుర్రపు వెంట్రుకలతో ఫందాలు పెట్టేవాడు. ఒకనాటి పొద్దున నన్ను తీసుకెళ్ళి చూపించాడు. పిట్ట మెడ ఫందాలో ఇరుక్కుని ఉంది. అది గుంజుకున్న కొద్దీ ఫందా బిగిసిందని మామ సంతోషంగా చెప్పాడు. ఆ పిట్ట కన్ను ఇంకా తెరిచే ఉంది. ఆ రోజు కూర నేను ముట్టుకోలేదు.

నాకు పదకొండేళ్ళు నిండిన దసరా రోజుల్లో అత్త చౌబారా బురుజు దగ్గరి దుకాణం నుంచి మెరూన్ ఉన్ని తెచ్చి నా ఒళ్ళో పడేసింది. ఈసారి తన స్వెటరు నేనే అల్లాలంది, దానికి మెడ నాలుగు వేళ్ళ ఎత్తు ఉండాలంది. అంత ఎత్తు మెడ ఎందుకో నాకు తెలుసు. రేగుపండంత ఉన్నప్పటి నుంచి ఆమె గొంతు పక్కనున్న గడ్డను నేను చూస్తూనే ఉన్నాను. అప్పటికది నిమ్మకాయంత అయింది. అత్త కొంగును ఎడమ భుజం మీది నుంచి తిప్పి మెడకు చుట్టుకొని తిరిగేది. రోజూ పదిమంది రోగుల్ని చూసే మనిషి, దవాఖానలో ఒక్క డాక్టరుకూ తన మెడ చూపించలేదు. నాయనే ఎట్లాగో తెలుసుకొని, హైదరాబాద్ పెద్దాసుపత్రికి పోదామని వెంటపడ్డాడు.

అత్త దగ్గర అప్పటికే అల్లిక నేర్చుకున్నాను గనుక ఒళ్ళు అల్లడం నాకు కష్టమే అనిపించలేదు. ముందు భాగం, వెనక భాగం, రెండు చేతులు కార్తీకం దాటకముందే అయిపోయాయి. మిగిలింది మెడ ఒక్కటే. మెడకు రెండు సలాయిలు చాలవు, నాలుగు కావాలి. సైకిలు చక్రపు పుల్లలు నాలుగు తెచ్చి, కొనలు రాతి మీద నూరి నాయన ఇచ్చాడు. అత్త ఆ స్వెటరు మెడ చుట్టూ ఫందాలు ఎత్తి, మూడు పుల్లల మీద గుండ్రంగా పేర్చి, ఖాళీగా ఉన్న నాలుగోదాన్ని నా చేతిలో పెట్టింది.

"ఇగ మెడ నువ్వే అల్లాలె బిడ్డా. నేను పక్కన కూసుంట గని చెయ్యి పెట్ట. జర్ర పైలం, ఒక్క ఫందా జారితే కిందిదాంక ఉరుకుతది."

పుల్లలకు రెండు కొనలూ తెరిచే ఉన్నాయి, ఫందాలు ఎటు నుంచైనా జారిపోవచ్చు. మెడ చుట్టూ నిలబడిన ఆ ఉచ్చుల్ని చూస్తే నాకు చేను గట్టు గుర్తొచ్చింది. కడుపు నొస్తోందని లేచి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం నాయన మళ్ళీ ప్రయాణం మాటెత్తాడు. అత్త పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతూ, వెనక్కి తిరగకుండానే జవాబు చెప్పింది.

"పోరి మెడ అల్లనీ తమ్మీ. గది తొడుక్కొనే వస్త. పట్నం దవాఖానల సలి ఉంటది."

నాయన సరేనన్నాడు. వారం పది రోజుల పనే కదా అనుకొని ఉంటాడు. కానీ అంతకు రెండు రోజుల ముందే, మెడ కోయాల్సి వస్తుందేమోనని ఆయన అమ్మతో గుసగుసగా అనడం నా చెవిన పడింది. ఇక నా బుర్రలో లెక్క తేలిపోయింది. నేను మెడ అల్లడం పూర్తిచేస్తే అత్త వెళ్తుంది, వెళ్తే కోస్తారు. పూర్తిచెయ్యకపోతే అత్త ఎక్కడికీ వెళ్ళదు, ఏమీ కాదు. మరునాడు ఎవరూ చూడకుండా ఆ నాలుగో సలాయిని వంటింటి మూలనున్న ఈత చీపురు కట్టలోకి నిలువుగా దోపేసి, పోయిందని చెప్పాను.

అమ్మ పెట్టెలన్నీ వెతికింది. నాయన ఇంకో పుల్ల నూరి తెస్తానంటే అత్త వద్దంది, ఇంట్లో పోయింది ఇంట్లోనే దొరుకుతుందంది. నాలుగు రోజుల తర్వాత, నేను తలుపు పక్కన కూర్చుని పలక తుడుచుకుంటుండగా అత్త వంటిల్లు ఊడవసాగింది. చీపురు నుంచి సలాయి జారి బండ మీద టంగుమని పడింది. అత్త వంగి దాన్ని తీసుకొంది. ఇటూ అటూ చూసింది. కొంగుతో తుడిచి, మళ్ళీ చీపురు మధ్యలోకి, నేను పెట్టిన దానికన్నా లోతుగా దోపింది. తర్వాత ఊడవడం మొదలుపెట్టింది.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అత్త కూడా నా వైపే ఉందనుకున్నాను.

క్రిస్మస్ వచ్చింది. గులాబిపువ్వులనే పిండివంట, గరిజెలు వేగుతున్న నూనె వాసన సందు చివరిదాకా నిండింది. చర్చిలో ఏటా పాట ఎత్తుకునేది అత్తే, ఆ ఏడు ఆమె పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. చలికి బొంగురుపోయిందని అందరికీ చెప్పింది, నేనూ అదే చెప్పాను. సంక్రాంతి దాటేసరికి జొన్నరొట్టె మింగుడుపడక పప్పులో నానబెట్టుకొని తినేది. కొంగు చుట్టు రెండు చుట్లైంది. నాయన అడిగినప్పుడల్లా అత్త నా వైపు చూసేది, నేను పుస్తకంలో తల దూర్చేదాన్ని. మూడు సలాయిల మీది ఆ ఫందాలు గూట్లో దుమ్ము పట్టి కూర్చున్నాయి. ఆ గూటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు నేను అటు చూసేదాన్ని కాదు.

ఈస్టరుకు ముందు ఇల్లంతా సున్నం వేసుకుంటాం. అరిగిన చీపురును కొత్త ఈతాకుతో కలిపి కడదామని అమ్మ కట్టు విప్పింది. సలాయి ఆమె కాళ్ళ ముందు పడింది. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత నన్ను చూసింది, నా ముఖం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఆమె చెయ్యెత్తేలోగా నులకమంచం మీంచి అత్త గొంతు గీరుకుంటూ వచ్చింది.

"దాన్నేమనకు సుగుణా. నేనే పెట్టిన."

అమ్మ ఆ సలాయితోనే తన నుదురు కొట్టుకొని ఏడ్చింది.

మరునాడు పొద్దున బస్సుకే నాయన ఆమెను తీసుకెళ్ళాడు. బయలుదేరే ముందు అత్త గూట్లోంచి స్వెటరు దించి, దబ్బనానికి తెల్లదారం ఎక్కించి, ఫందాలన్నిటినీ ఒక్కొక్కటిగా మూడు పుల్లల మీంచి దారం మీదికి మార్చింది. ఒక్కటీ జారలేదు. ఇట్లా ఉంచితే ఎన్నేళ్ళైనా ఉంటాయని, వచ్చాక అల్లుకుందామని నాతో అంది. గొంతులో గాలే తప్ప మాట లేదు, పెదవుల్ని చూసి అర్థం చేసుకున్నాను. పట్నంలో డాక్టరు కందికోతలకు ముందే ఎందుకు తేలేదని అడిగాడట. మూడు వారాలకు మెడకు కట్టుతో తిరిగొచ్చిన అత్త, మంచం మీద స్వెటరు పెట్టించుకొని, బొటనవేలితో ఫందాలు లెక్కపెడుతూ ఉండేది. తొలకరికి ముందే పోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ పాపం నాదేనని ఎన్నో ఏళ్ళు నమ్మాను. తర్వాత, పదకొండేళ్ళ పిల్ల ఏం చేస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను. అత్త సలాయిని లోతుగా దోపడం గుర్తొచ్చినప్పుడల్లా, భయపడింది నేనొక్కదాన్నే కాదని అర్థమవుతుంది. నా దాగుడుమూతల చాటున ఆమె తన భయాన్ని దాచుకుంది. ఆమెను నేను, నన్ను ఆమె కాపాడుకున్నామనుకున్నాం.

ఆ సందు ఇప్పుడు సిమెంటు ఇళ్ళతో నిండిపోయింది. అరుగు పోయింది, ఉన్ని దుకాణంలో ఫోన్లు అమ్ముతున్నారు. మన్నళ్ళి చేలల్లో కౌజులు లేవు, ఫందా అంటే మా మనవరాలికి ఏ అర్థమూ తెలియదు. నాలుగో సలాయి మాత్రం ఈ పెట్టె అడుగున తుప్పుపట్టి ఉంది. దాంతో ఇవాళైనా మెడ అల్లుదామా అన్న ఆలోచన వచ్చింది. వచ్చిన మరుక్షణమే అది కూడా వాయిదా వెయ్యడానికే అని తెలిసింది.

స్వెటరు ఎడమ చేతిలోకి వేళ్ళు పెట్టి, మడతపెట్టిన చీటీ బయటికి తీశాను. వంటింట్లోకి వెళ్ళి కోడలికి ఇచ్చి, రేపటి పొద్దున బస్సుకు ఇద్దరం పోదామన్నాను.

"ఏడుండె అత్తమ్మా ఇన్ని దినాలు?"

"స్వెటర్ల ఉండె," అన్నాను. "నేనే పెట్టిన."